ఏఐని పక్కన పెట్టుకొని పని ఎట్ల చేస్తున్నారు? కడప, కర్నూలు, అనంతపురం వాళ్లు చెప్పండి

దస్తావేజు డెస్క్ | కడప

అందరికీ నమస్తే. కడపలో రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర నాకు డీటీపీ షాపు ఉంది. అర్జీలు, అఫిడవిట్లు, దస్తావేజుల డ్రాఫ్టులు, అడంగల్, 1బి లాంటి భూమి రికార్డుల ప్రింట్లు, ఇవే మా పనులు. షాపులో ఇద్దరు అమ్మాయిలు పని చేస్తారు. ముగ్గురమూ ఏఐ వాడుతున్నాం. వాడాలా వద్దా అనే చర్చ నాకు అక్కర్లేదు, దాన్ని పక్కన పెట్టుకొని పని బాగా ఎట్ల చేయాలన్నదే నా ప్రశ్న. యూట్యూబ్‌లో "ఈ ప్రాంప్టులు కాపీ చేసుకోండి చాలు" అనే వీడియోలు కావలసినన్ని ఉన్నాయి, మా పనికి అందులో ఒక్కటీ అతకలేదు.

మా దగ్గర జరిగేది చెప్తా. ఒక రైతు వస్తాడు, నాయన పేరు మీద ఉన్న మూడెకరాల చిల్లర భూమి తన పేరుకి మారలేదు, సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వాలంటాడు. ఆ సంగతి ఏఐకి చెప్తే నిమిషంలో రెండు పేజీల అర్జీ వస్తుంది. భాష చక్కగా ఉంటుంది, వినయంగా ఉంటుంది. లోపల చూస్తే విస్తీర్ణం "3 ఎకరాల 12 గుంటలు" అని ఉంటుంది. మన దగ్గర గుంటలు యాడున్నాయి? ఎకరాకి వంద సెంట్లు, అదే మన లెక్క. ఎకరాకి 40 గుంటలనేది తెలంగాణలో. కింద ఇంకో పేరాలో "ధరణి పోర్టల్‌లో దరఖాస్తు చేసుకున్నాను" అని కూడా చేరుస్తుంది. ధరణి 2025 వరకు తెలంగాణలో ఉన్న భూముల పోర్టల్, మనకి ఉన్నది మీభూమి. పైగా దరఖాస్తు చేసుకున్నానని రైతు అననే లేదు, ఆ మాట అదే కల్పించింది. అర్జీ తీసుకునేవాళ్లకి ఊరు, మండలం, సర్వే నంబరు, విస్తీర్ణం, ఏం కావాలి అనేవి మొదటి నాలుగు లైన్లలో కనపడాలి. ఏఐ రాసిన దాంట్లో అవి రెండో పేజీలో యాడో ఉంటాయి.

చానా ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నా కాబట్టి నాకు చూడగానే కంటికి తగులుతుంది. కొత్తగా చేరిన అమ్మాయికి తగలదు. ఆమెకి ముందు పని నేర్పి తర్వాత ఏఐ ఇవ్వాలా, రెండూ కలిపి నేర్పాలా? మీ మీ పనుల్లో ఎట్ల చేస్తున్నారో చెప్పండి.

ఆదోని మేష్టారు | ఆదోని

మేడం, మీ చివరి ప్రశ్న నాకు రోజూ ఎదురయ్యేదే. హైస్కూల్లో లెక్కలు చెప్తాను. ముందు పని, తర్వాతే ఏఐ అని నా గట్టి అభిప్రాయం.

టర్కీలో దాదాపు వెయ్యి మంది హైస్కూలు పిల్లల మీద లెక్కల్లోనే ఒక పరిశోధన చేశారు, 2024లో బయటికొచ్చింది. కొంతమందికి మామూలు చాట్‌జీపీటీ లాంటిది ఇచ్చారు. ప్రాక్టీసులో వాళ్లు మిగతావాళ్లకంటే 48 శాతం మెరుగ్గా చేశారు. తర్వాత ఏఐ తీసేసి పరీక్ష పెడితే, అసలు ఏఐ ముఖమే చూడని పిల్లలకంటే 17 శాతం తక్కువ చేశారు. ఇంకో గుంపుకి నేరుగా జవాబు చెప్పకుండా సూచనలు మాత్రమే ఇచ్చే ఏఐ ఇచ్చారు, అందులో టీచర్లు ముందే ఈ లెక్కలో పిల్లలు యాడ తప్పుతారో రాసి పెట్టారు. ఆ పిల్లలకి ప్రాక్టీసులో ఇంకా ఎక్కువ లాభం వచ్చింది, పరీక్షలో నష్టమూ జరగలేదు.

నేను క్లాసులో చేసేది ఇదే. లెక్క ముందు నోట్‌బుక్‌లో చేయాలి, ఎంతవరకు వస్తే అంతవరకు. ఆగిపోయిన చోట ఫోటో తీసి "జవాబు చెప్పొద్దు, నేను ఏ స్టెప్పులో తప్పానో మాత్రం చెప్పు" అని అడగాలి. ఆ ఒక్క వాక్యం వల్ల పిల్లవాడి పెన్ను ఆగకుండా ఉంటుంది. మీ షాపు అమ్మాయితో కూడా కొన్నాళ్లు అర్జీ చేత్తో రాయించండి, రాశాక ఏఐకి చూపించి ఏం వదిలేశానో అడగమనండి.

అనంత కోడ్ | అనంతపురం

మేష్టారు చెప్పింది చదువుకి సరిపోతుంది కానీ పనికి మొత్తంగా సరిపోదని నా అనుమానం సార్. షాపులో జనం లైన్లో నిలబడి ఉంటారు, అక్కడ కొత్త అమ్మాయి ప్రతిదీ చేత్తో రాస్తూ కూర్చోలేదు.

నేను ఇంట్లో కూర్చొని బెంగళూరు కంపెనీకి సాఫ్ట్‌వేర్ రాస్తా. ఒక అమెరికా సంస్థకి కస్టమర్ సపోర్ట్ చేసే ఐదు వేల పైచిలుకు మంది మీద చేసిన పరిశోధన 2023లో వచ్చింది. ఏఐ పక్కనుంటే సగటున 14 శాతం ఎక్కువ సమస్యలు తీర్చారు, కొత్తగా చేరినవాళ్లు, నైపుణ్యం తక్కువున్నవాళ్లు మాత్రం 34 శాతం ఎక్కువ తీర్చారు. అనుభవమున్న వాళ్లకి పెద్దగా తేడా లేదు. కారణం ఏంటంటే ఆ ఏఐ అదే కంపెనీలో బాగా పనిచేసేవాళ్ల సంభాషణల నుంచి నేర్చుకుంది, అంటే సీనియర్ల తెలివి కొత్తవాళ్ల చేతికి అందింది. మధ్యలో సిస్టమ్ పనిచేయని రోజుల్లో కూడా వాళ్ల పని పూర్తిగా కిందికి పడిపోలేదు, అంటే కొంత నేర్చుకున్నట్టే కదా.

దీని నుంచి అక్కకి పనికొచ్చేది ఒకటుంది. మీ అమ్మాయి వాడే ఏఐకి మీ షాపు తెలివి లేదు, అది యాడో ఇంటర్నెట్‌లో ఉన్న అర్జీలు చదివింది. మీరు రాసిన మంచి అర్జీలు ఒక నాలుగైదు, పేర్లూ నంబర్లూ తీసేసి, మాదిరిగా ఇవ్వండి. "ఇదే వరుసలో రాయి, నేను ఇవ్వని వివరం ఏదీ చేర్చొద్దు, వివరం లేకపోతే ఖాళీ గీత పెట్టు" అని చెప్పండి. చివరి మాట చాలా ముఖ్యం. ఖాళీ వదలొచ్చు అని చెప్పకపోతే అది ఎట్లైనా నింపడానికే చూస్తుంది, మీ ధరణి లైను అట్లనే వచ్చింది.

అనంత కోడ్ | అనంతపురం

ఇంకో మాట రాయడం మిగిలింది. వేగం గురించి మన అంచనా మనమే నమ్మకూడదు. 2025లో మీటర్ అనే సంస్థ, అనుభవమున్న 16 మంది ప్రోగ్రామర్లతో, వాళ్లకి బాగా అలవాటైన ప్రాజెక్టుల్లోనే 246 పనులు చేయించింది. ఏఐ వాడిన పనులకి 19 శాతం ఎక్కువ టైం పట్టింది. కానీ వాళ్లను అడిగితే 20 శాతం త్వరగా అయిపోయిందని చెప్పారు! టైపు చేసే శ్రమ తగ్గితే పని తగ్గినట్టు అనిపిస్తుంది, అది రాసింది చదివి సరిచేసే టైం మనకి గుర్తుండదు. అందుకే నేను మా పనిలో పెద్ద ముక్క ఎప్పుడూ ఇవ్వను. ఒక ఫంక్షన్, దానికి పరీక్షలు, అవి పాసైతేనే ముందుకి. ఒక స్క్రీన్‌లో పట్టేంత కోడ్ అయితే కళ్లతో చదవగలను, ఐదొందల లైన్లు ఒకేసారి ఇస్తే ఎవరూ చదవరు, చదివినట్టు నటిస్తారు.

వేరుశనగ బిడ్డ | కళ్యాణదుర్గం

అన్నల్లారా, నాది సేద్యం. మాకు వేరుశనగ, కొంచెం చీనీ తోట. మీరంతా పని చెక్ చేయడం గురించి చెప్తున్నారు, నేను అడగడం గురించి చెప్తా, ఎందుకంటే మా దగ్గర సగం తప్పు అడిగే కాడే జరుగుతోంది.

మా పక్క పొలం పిల్లోడు వేరుశనగ ఆకు పసుపెక్కిందని ఫోటో తీసి ఏఐని అడిగినాడు. నత్రజని లోపం, యూరియా వెయ్యమంది. వాడు మూట తేవడానికి బయల్దేరినాడు. నేను ఆపి, ఆ ఫోటోనే మళ్లా పెట్టించి మాటలు మార్చి అడిగించినా. మొక్క వయసు చెప్పమన్నా. పసుపు పైన లేత ఆకుల్లో ఉందా, కింద ముదురు ఆకుల్లో ఉందా అది రాయమన్నా. ఈనెలు పచ్చగానే ఉండి మధ్య భాగం మాత్రం పాలిపోయిందని రాయమన్నా. మా నేలలో సున్నం ఎక్కువ, వానలు పడి తడి ఆరక ముందే మళ్లా తడిసింది, అదీ రాయమన్నా. అప్పుడు అదే ఏఐ ఇనుము లోపం అంది. నత్రజని తక్కువైతే కింద ముదురు ఆకులు ముందు పసుపెక్కుతాయి, ఇనుము తక్కువైతే పైన లేత ఆకులు. ఇది మా పెద్దోళ్లకీ తెలుసు, వ్యవసాయ శాఖ వాళ్లు ఏటా చెప్తారు. మందు కూడా అందరికీ తెలిసిందే, లీటరు నీళ్లకి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి పిచికారీ. యూరియా మూటతో ఆ పసుపు పోయేది కాదు, డబ్బులు పోయేవి.

డాక్టర్ కాడికి పోయి "బాగలేదు" అని మాత్రం చెప్తే ఆయన మాత్రం ఏం చేస్తాడు, ఇదీ అంతే. ఫోటో చాలనుకుంటారు. ఫోటోలో నేల కనపడదు, వాన కనపడదు, పోయినేడాది ఏం పండించినామో కనపడదు.

మందుల మోతాదు మాత్రం నేను ఏఐ చెప్పింది నేరుగా ఎప్పుడూ కొట్టను. డబ్బా మీద లేబుల్ చూస్తా, రైతు సేవా కేంద్రంలో అడుగుతా, లేదంటే కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కి ఫోన్ చేస్తా, తెలుగులోనే చెప్తారు. పిచికారీ చేసినాక వెనక్కి తీసుకునేది ఉండదు కదా.

దస్తావేజు డెస్క్ | కడప

తమ్ముడూ, మేము రైతుని అడిగే ప్రశ్నలే ఏఐకి ముందు ఇవ్వాలన్నమాట. వాళ్లు వచ్చి "భూమి మారలేదు" అని ఒక్క మాటే అంటారు. నేను కూర్చోబెట్టి నాయన ఎప్పుడు చనిపోయినాడు, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ తీసుకున్నారా, అన్నదమ్ములెంతమంది, పంపకం కాయితం ఉందా, ముందు అర్జీ ఇచ్చినారా అని అన్నీ అడిగి రాసుకుంటా. మా అమ్మాయి మాత్రం ఆయన చెప్పిన ఒక్క మాటనే ఏఐకి ఇచ్చేస్తోంది.

బురుజు కాడ | కర్నూలు

అందరూ ఎట్ల వాడాలో చెప్తున్నారు, నేను ఇంకో మాట అడుగుతా. కర్నూలులో కోర్టు దగ్గర మా బాబాయి టైపిస్టు. మిషన్ మీద టైపు చేసే కాలం నుంచి ఉన్నాడు, తర్వాత కంప్యూటర్ నేర్చుకున్నాడు, అను ఫాంట్లు నేర్చుకున్నాడు, యూనికోడ్ నేర్చుకున్నాడు. ఇప్పుడు జనం ఫోన్‌లో నోటితో చెప్పి అర్జీ రాయించుకొని ప్రింటుకి మాత్రం వస్తున్నారు. పేజీకి వచ్చే డబ్బు పోయింది. కలిసి పని చేయడం నేర్చుకోండి అని చెప్పడం తేలికే, కలిసి చేసే పనే తగ్గిపోతే ఏం నేర్చుకోవాలి? ఈ బాధ కూడా ఈ చర్చలో ఉండాలి.

దస్తావేజు డెస్క్ | కడప

ఉండాలన్నా, తప్పకుండా ఉండాలి. నా షాపులో కూడా టైపింగ్ డబ్బు తగ్గింది, అది నిజం. నాకు కనపడుతున్నది చెప్తా, మీ బాబాయికి పనికొస్తుందేమో. ఫోన్‌లో రాయించుకొని వచ్చిన అర్జీలు చాలావరకు వెనక్కి వస్తున్నాయి, సర్వే నంబరు సబ్‌డివిజన్ లేకుండా, ఎవరికి ఇవ్వాలో తెలియకుండా, తహశీల్దారు చేయాల్సింది ఆర్డీవోకి రాసి. మేము ఇప్పుడు "తెచ్చిన అర్జీ చూసి సరిచేసి ఇస్తాం" అని బోర్డు పెట్టి దానికి రేటు పెట్టాం. మొదట్లో జనం చూడ్డానికి డబ్బులేంటి అన్నారు. తప్పు యాడుందో వేలు పెట్టి చూపించినాక ఇస్తున్నారు. కోర్టు దగ్గర అన్నేళ్లున్న మనిషికి ఏ కాయితం చెల్లుతుందో ఏది చెల్లదో నాకంటే బాగా తెలిసుంటుంది, ఆయన అమ్మాల్సింది అదే. అందరికీ సరిపడా పని దొరుకుతుందని నేను చెప్పలేను. ఈ మార్పుకి మూల్యం కట్టేది చిన్న షాపులవాళ్లే, దాన్ని దాచిపెట్టి మాట్లాడకూడదు.

ప్రొద్దుటూరు లెక్కలు | ప్రొద్దుటూరు

కోర్టు మాట వచ్చింది కాబట్టి: 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లు విమాన సంస్థ మీద వేసిన కేసులో చాట్‌జీపీటీ ఇచ్చిన పాత తీర్పులు కోర్టుకి సమర్పించారు. ఆ తీర్పులు లేనే లేవు, అది కల్పించినవి. జడ్జి 5,000 డాలర్ల జరిమానా వేశాడు. వాళ్లు ఆ ఏఐనే "ఈ కేసులు నిజమేనా" అని అడిగితే నిజమేనని చెప్పింది కూడా. దాన్ని దానితోనే చెక్ చేయించడం చెకింగ్ కాదు.

నేను జీఎస్టీ, ఇన్‌కమ్ టాక్స్ పని చేస్తా. మాకు పెద్ద సమస్య పాత సమాచారం. ఏఐ ఒక తేదీ వరకే చదివి ఉంటుంది, ఆ తర్వాత మారినవి ఇంటర్నెట్‌లో వెతికితే తప్ప దానికి తెలియవు, తెలియదని కూడా అన్నిసార్లూ చెప్పదు. మా కడప జిల్లాలో సిమెంటు వ్యాపారులు ఎక్కువ కదా, సిమెంటుకి జీఎస్టీ ఎంత అని అడిగితే గట్టిగా 28 శాతం అంటుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి అది 18 శాతం. దాదాపు అన్ని వస్తువులకీ 12, 28 శ్లాబులు తీసేశారు. పాత పుస్తకాలూ పాత వెబ్ పేజీలూ అన్నీ 28 అనే చెప్తాయి మరి, అది చదివింది వాటినే. రేటు, గడువు తేదీ, ఫీజు, ఈ మూడూ నేను ప్రభుత్వ పోర్టల్‌లో చూడకుండా బిల్లులోకి ఎక్కించను. ఏఐకి ఇచ్చే పని వేరే ఉంది. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఎంట్రీలు విడదీయడం, ఎక్సెల్ ఫార్ములా రాయడం, నోటీసుకి జవాబు ఇంగ్లీషులో చక్కగా పెట్టడం. ఇవి నేను చూసిన వెంటనే తప్పో ఒప్పో చెప్పగలిగినవి. ఎక్సెల్ మొత్తం టాలీ కాకపోతే అక్కడే తెలిసిపోతుంది.

జిల్లాల సంగతి కూడా ఇంతే. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాయి, అయినా పుట్టపర్తి అనంతపురం జిల్లా అని, నంద్యాల కర్నూలు జిల్లా అని రాసి ఇస్తుంటుంది. అడ్రసు ఫారాల్లో జాగ్రత్త.

అనంత కోడ్ | అనంతపురం

మీరు ఏ పని ఇవ్వాలో విడదీసిన పద్ధతి నాకు బాగా నచ్చింది సార్. 2023లో హార్వర్డ్ వాళ్లు 758 మంది కన్సల్టెంట్ల మీద చేసిన పరిశోధనలో కూడా ఇదే తేలింది. ఏఐకి చేతనైన పనుల్లో వాడినవాళ్లు పాతిక శాతం వేగంగా, ఎక్కువ నాణ్యతతో చేశారు. దానికి చేతకాని ఒక పని ఇచ్చినప్పుడు మాత్రం, ఏఐ వాడినవాళ్లు సరైన జవాబు చెప్పే అవకాశం వాడనివాళ్లకంటే 19 పాయింట్లు తగ్గింది. చిక్కు ఏంటంటే ఆ రెండు పనులూ పైకి చూస్తే ఒకేలా ఉంటాయి. కష్టంగా కనిపించేది సులువుగా చేసేస్తుంది, సులువుగా కనిపించేది తప్పుతుంది. ఎవరి పనిలో ఆ గీత యాడుందో వాళ్లే పరీక్షించి తెలుసుకోవాలి, ఏ వీడియో చెప్పదు.

ఎక్స్‌రే రూమ్ | కర్నూలు

నేను ఎక్స్‌రే టెక్నీషియన్‌ని. మాకు ఈ చర్చ కొత్తది కాదు. టీబీ స్క్రీనింగ్‌లో, 15 ఏళ్లు దాటినవాళ్ల ఛాతీ ఎక్స్‌రే చదవడానికి కంప్యూటర్ ప్రోగ్రాములు వాడవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లోనే చెప్పింది. డాక్టర్లు తక్కువున్న చోట ఇది చాలా పెద్ద సాయం. కానీ అది అనుమానం వరకే చెప్తుంది, నిర్ధారణకి తెమడ పరీక్ష చేయాల్సిందే.

నాకు శిక్షణ ఇచ్చిన సార్ ఒక అలవాటు చేశారు, ఏ పనిలో ఉన్నవాళ్లైనా పాటించవచ్చు. మిషన్ వేసిన మార్కు చూడకముందే ఫిల్మ్ మనం చూడాలి, మనకి అనిపించింది కాగితం మీద రాయాలి, ఆ తర్వాతే మార్కు ఆన్ చేయాలి. ముందే మార్కు కనపడితే కన్ను అక్కడికే పోతుంది, మిగతా ఊపిరితిత్తి చూడదు. మార్కు లేని ఫిల్మ్‌ని అయితే ఇంకా తొందరగా పక్కన పెట్టేస్తారు. మిషన్ తొంభైసార్లు సరిగ్గా చెప్పేకొద్దీ మనిషి చూపు మొద్దుబారుతుంది, పనిలో ఎక్కువ ప్రమాదం అక్కడే. తరచూ తప్పే మిషన్ అయితే అందరూ జాగ్రత్తగానే ఉంటారు.

ఆదోని మేష్టారు | ఆదోని

ఎక్స్‌రే సార్, మీరు చెప్పిన వరుస మా పేపర్లు దిద్దడానికీ సరిపోతుంది. మా స్టాఫ్‌లో కొందరు పిల్లల ప్రాజెక్టు ఏఐ రాసిందా లేదా అని వేరే సాఫ్ట్‌వేర్‌తో పట్టుకుంటున్నారు. చాట్‌జీపీటీ తయారు చేసిన ఓపెన్‌ఏఐ కూడా అలాంటిదొకటి పెట్టి, సరిగ్గా పట్టుకోలేకపోతోందని 2023 జులైలో తీసేసింది. దాన్ని నమ్మి పిల్లవాడిని దోషిగా నిలబెట్టకండి. పిలిచి రెండు నిమిషాలు ఆ ప్రాజెక్టు గురించి అడగండి, రాసినవాడు చెప్తాడు.

సెరికల్చర్ సీటు | హిందూపురం

అందరూ తెలుగులో అడుగుతున్నారా ఇంగ్లీషులోనా? నాకు ఇంగ్లీషు అంతంత మాత్రం. తెలుగులో అడిగితే జవాబు నాసిగా వస్తుందని మా ఆఫీసులో అంటారు.

అనంత కోడ్ | అనంతపురం

ఒకప్పుడు తేడా బాగా ఉండేది. ఏఐ మన మాటలని చిన్న ముక్కలు చేసుకొని చదువుతుంది, వాటిని టోకెన్లంటారు. తెలుగుకి ముక్కలు మరీ ఎక్కువయ్యేవి. 2024 మే నెలలో ఓపెన్‌ఏఐ కొత్త మోడల్ తెచ్చినప్పుడు వాళ్లే ఒక నమూనా చూపించారు, అదే తెలుగు మాటలకి ముందు 159 టోకెన్లు పట్టేవి, ఆ తర్వాత 45. ముక్కలు తగ్గితే ఖర్చు తగ్గుతుంది, ఒకేసారి ఎక్కువ చదవగలదు. కాబట్టి మీకు ఏ భాషలో వివరంగా చెప్పడం వస్తుందో అందులోనే అడగండి. రాని ఇంగ్లీషులో ఒక లైన్ రాయడం కంటే వచ్చిన తెలుగులో పది లైన్లు చెప్పడం మేలు. వేరుశనగ అన్న అడిగిన ప్రశ్న ఇంగ్లీషులో ఎంతమంది అడగగలరు?

చట్టాలు, మందులు, సాఫ్ట్‌వేర్ లాంటివైతే నేను "ఇంగ్లీషులో ఉన్న సమాచారం చూసి తెలుగులో చెప్పు" అంటా.

బురుజు కాడ | కర్నూలు

ఎవరూ మాట్లాడని సంగతి ఇంకొకటి. జనం ఆధార్ కార్డు ఫోటో, పాసుపుస్తకం ఫోటో, బ్యాంకు స్టేట్‌మెంట్ అన్నీ అట్లనే ఏఐలోకి ఎక్కిస్తున్నారు. ప్రొద్దుటూరు సార్, మీరు స్టేట్‌మెంట్ విడదీస్తా అన్నారు, అది మీ క్లయింటుది కదా?

ప్రొద్దుటూరు లెక్కలు | ప్రొద్దుటూరు

న్యాయమైన ప్రశ్న. పేరు, అకౌంట్ నంబరు, పాన్ ఉన్న భాగం తీసేసి తేదీ, వివరం, మొత్తం ఉన్న కాలమ్స్ మాత్రమే ఇస్తాను, వివరంలో మనుషుల పేర్లుంటే అవీ తీసేస్తాను. మన చాట్లని ఏఐ శిక్షణకి వాడుకునే సెట్టింగ్ ఉంటుంది, అది ఆఫ్ చేసి పెడతాను. అయినా క్లయింటుని అడిగాకే. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో మూలం కూడా అదే, మనిషి ఒప్పుకోవాలి, ఒప్పుకున్న పనికే వాడాలి.

ఎక్స్‌రే రూమ్ | కర్నూలు

పేషెంట్ పేరున్న ఫిల్మ్ ఫోన్‌లో ఫోటో తీసి ఏఐకి పెట్టడం మా దగ్గర పూర్తిగా నిషేధం. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

ఫైనల్ ఇయర్ | అనంతపురం

అన్నలూ అక్కలూ, బీకాం కంప్యూటర్స్ ఫైనల్ ఇయర్ నేను. చదువుతుంటే ఒకరు ఏఐ వల్ల కొత్తవాళ్లకే లాభం అంటున్నారు, ఒకరు కొత్తవాళ్లకే నష్టం అంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది. ఇంటర్వ్యూలో ఏఐ వచ్చా అని అడుగుతున్నారు, ఇంట్లో మా నాయన అది వాడితే బుర్ర పని చేయదంటున్నాడు. ఏం చేయాలి?

ఆదోని మేష్టారు | ఆదోని

మీ నాయన మాటలో సగం నిజముంది నాయనా. నేర్చుకునేటప్పుడు నువ్వు చేసి దానికి చూపించు. పని చేసేటప్పుడు దానితో చేయించి నువ్వు చూడు. జర్నల్ ఎంట్రీ నీకు చేత్తో వచ్చాకే దానికి ఇవ్వు. అనంత కోడ్ గారు చెప్పిన పరిశోధనలో కొత్తవాళ్ల పక్కన ఉన్నది అదే కంపెనీ సీనియర్ల తెలివితో తయారైన ఏఐ, టర్కీ పిల్లల్లో నష్టపోయిన గుంపుకి ఇచ్చింది జవాబులు చెప్పేసే ఏఐ. అందుకే రెండు ఫలితాలు.

వేరుశనగ బిడ్డ | కళ్యాణదుర్గం

తమ్ముడూ, ఇంటర్వ్యూలో ఏఐ వచ్చా అని అడిగితే నువ్వు దాంతో చేసిన ఒక పని చూపించు, అందులో అది యాడ తప్పు చెప్పిందో, నువ్వు ఎట్ల కనిపెట్టినావో కూడా చూపించు. మీ వీధిలో కిరాణా షాపు లెక్కలు అడిగి తీసుకో, నెల లెక్క చేసి పెట్టు. మార్కెట్ యార్డులో మా చీనీ లెక్కలు చేసేవాళ్లు లేక అల్లాడుతున్నాం, అనంతపురం యార్డుకి వస్తే పని నేనే చూపిస్తా.

ఫైనల్ ఇయర్ | అనంతపురం

తప్పకుండా వస్తానన్నా. థాంక్స్ సార్.

దస్తావేజు డెస్క్ | కడప

అందరికీ చాలా థాంక్స్. మీరు చెప్పినవి కలిపి మా అమ్మాయిల కోసం కంప్యూటర్ పక్కన అంటించడానికి ఒకటి తయారు చేశా. తప్పులుంటే చెప్పండి.

"ముందు రైతుని అడిగి వివరాల కాయితం నింపాలి, నింపకుండా ఏఐ తెరవకూడదు. ఆధార్ నంబరు, ఫోన్ నంబరు ఏఐకి ఇవ్వకూడదు, మనిషి పేరు బదులు అర్జీదారు అని రాయాలి, పేర్లు ప్రింటుకి ముందు మనం చేర్చాలి. ఏఐకి ఇలా చెప్పాలి: ఇది ఆంధ్రప్రదేశ్, కడప జిల్లా అర్జీ. విస్తీర్ణం ఎకరాలు, సెంట్లలో. మొదటి నాలుగు లైన్లలో గ్రామం, మండలం, సర్వే నంబరు, విస్తీర్ణం, కోరేది ఉండాలి. ఒక పేజీ దాటకూడదు. నేను ఇవ్వని విషయం, చట్టం పేరు, సెక్షన్ నంబరు చేర్చొద్దు. తెలియనిది ఖాళీ గీత. వచ్చాక వివరాల కాయితం పక్కన పెట్టుకొని ఒక్కో అంకె మీద పెన్సిల్ టిక్కు పెట్టాలి. రైతుకి చదివి వినిపించి, ఆయన ఔనన్నాకే ప్రింటు."

ప్రొద్దుటూరు లెక్కలు | ప్రొద్దుటూరు

చాలా బాగుంది అమ్మా. ఒక్క మార్పు. సర్వే నంబరు అని ఊరికే రాయకుండా "సబ్‌డివిజన్‌తో సహా" అని రాయండి. 214 వేరు, 214-2బి వేరు, ఏఐ ఆ చివరి ముక్క మింగేయడం నేను చూశాను. టిక్కు పెట్టేది కూడా టైపు చేసిన అమ్మాయి కాకుండా రెండో అమ్మాయి పెడితే మంచిది.

దస్తావేజు డెస్క్ | కడప

రెండూ చేర్చా సార్. రేపు పొద్దున షాపు తెరవగానే అంటిస్తాం. కొత్త అమ్మాయి మాత్రం ఈ నెలంతా పొద్దున మొదటి అర్జీ చేత్తోనే రాస్తుంది, మేష్టారు గారి మాట మీద.